మంత్రి గుమ్మంలో వేదాంతం

నెల్లూరు నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని పడమటికి పోతే ఆత్మకూరు. అక్కడి నుంచి ఉదయగిరి వైపు సాగేకొద్దీ మాగాణి తగ్గి రాతినేల ఎక్కువవుతుంది. చివరికి మూడు వేల అడుగుల కొండ, దాని మీద కోట. బయటివాళ్లకు ఉదయగిరి అంటే ఆ దుర్గం, లేదా సన్నని పనితనమున్న చెక్క స్పూన్లు, గరిటెలు. ఇంకాస్త తెలిసినవాళ్లు శ్రీకృష్ణదేవరాయల ముట్టడి గురించి చెబుతారు. ఈ కొండ కింద 15వ శతాబ్దం రెండో సగంలో మూడు తెలుగు కావ్యాలు కవుల చేతుల్లోంచి అధికారుల చేతుల్లోకి వెళ్లాయన్న సంగతి మాత్రం సాహిత్య చరిత్ర పరీక్ష రాసినవాళ్లకు తప్ప పెద్దగా గుర్తుండదు.

అప్పుడు ఉదయగిరి గజపతుల ఏలుబడిలో ఉంది. తమ్మరాజు కొడుకు బసవరాజు ఇక్కడి పాలకుడు. దూబగుంట నారాయణకవి పంచతంత్రాన్ని తెలుగు పద్యాల్లోకి తెచ్చి ఆయనకు అంకితమిచ్చాడు. నంది మల్లయ, ఘంట సింగన మేనమామా మేనల్లుళ్లు, తెలుగులో తొలి జంటకవులు. వాళ్ల ప్రబోధచంద్రోదయం బసవరాజు మంత్రి గంగయామాత్యుడికి చేరింది. శ్రీనాథుడి మరది దగ్గుపల్లి దుగ్గన నాసికేతోపాఖ్యానం రాసి అదే గంగయమంత్రి చేతిలో పెట్టాడు.

రాజనీతి చెప్పే పుస్తకం రాజుకు వెళ్లిందంటే సరే అనుకోవచ్చు. అహంకారాన్ని చంపమనే అద్వైతం, యమలోకంలోని శిక్షల్ని కళ్లకు కట్టే పురాణకథ ఒక ఉద్యోగి గుమ్మం ముందుకెళ్లి నిలబడటమేమిటి? తెలుగువాళ్లు వందల ఏళ్లుగా తర్జనభర్జన పడుతున్న ప్రశ్న ఇందులో ఉంది. రాసినదాన్ని మనిషికివ్వాలా, దేవుడికివ్వాలా? నరాంకితమా, దేవాంకితమా?

జనం తీర్పు ఎప్పుడో వచ్చేసింది. పోతన గెలిచాడు. భాగవతాన్ని రాజుకివ్వనని రాముడికిచ్చిన కవి ఇంటింటి దేవుడయ్యాడు. సర్వజ్ఞ సింగభూపాలుడు కోపంతో గ్రంథాన్ని పాతిపెట్టించాడనీ, అందుకే కొన్ని భాగాలు పాడయ్యాయనీ కథలు పుట్టాయి. పాడైన భాగాల్ని గంగన, సింగన, నారయ పూరించారన్నది మాత్రం కథ కాదు. రాయల కొలువు చూశాడని చెప్పుకునే ధూర్జటి రాజుల్ని తిట్టిపోసి కాళహస్తీశ్వరుడి కాళ్ల దగ్గర కూర్చున్నాడు. వీళ్ల పక్కన ఉదయగిరి కవుల్ని నిలబెడితే చిన్నగా కనిపిస్తారు. నారాయణకవి ఎవరని అడిగితే నెల్లూరు జిల్లాలోనే చాలామంది తెల్లమొహం వేస్తారు.

ఈ తీర్పును ఒకసారి తిరగదోడాల్సిన అవసరం ఉంది.

దేవుడికి అంకితమిచ్చిన కావ్యాల అవతారికలు, అంటే పీఠికలు, వరసగా చదివితే ఒక విషయం కనిపిస్తుంది. వాటిలో కవి ఎవరినీ అడగడు. దేవుడే వచ్చి అడుగుతాడు. తిక్కన కలలో తండ్రి కొమ్మన కనిపిస్తాడు, హరిహరనాథుడు ప్రత్యక్షమై భారతాన్ని కోరతాడు. పోతన చంద్రగ్రహణం నాడు గంగలో మునిగి ఒడ్డున ధ్యానంలో ఉండగా రాముడు వచ్చి భాగవతం తెనిగించమంటాడు. రాయలవారి కలలోకి శ్రీకాకుళం ఆంధ్రవిష్ణువు వచ్చి ఆముక్తమాల్యద రాయమంటాడు. శ్రీకంఠ మల్లేశుడి వరంతో కవిత్వం నేర్చానన్న ఆతుకూరి మొల్ల, చెప్పమని రాముడే పలికిస్తే రామాయణం చెబుతున్నానంటుంది. నలుగురిలోనూ కవి తన చోట తాను ఉన్నాడు. నడిచి వచ్చినవాడు దేవుడు.

మనుషులకిచ్చిన కావ్యాల్లోనూ ప్రభువు కవిని కొలువుకు పిలిపించి, ఆసనమిచ్చి, కావ్యం కోరినట్టే రాస్తారు కదా అని ఎవరైనా అడ్డుతగలవచ్చు. నిజమే. నెల్లూరు ప్రభువు మనుమసిద్ధి తిక్కనను మామా అని పిలిచి, ఆ వరస నిలబడాలంటే కావ్యకన్యనివ్వమన్నట్టు నిర్వచనోత్తర రామాయణంలో ఉంది. అయితే అది పని పూర్తయ్యాక రాసుకున్న మర్యాద. కొలువులో పండితులుంటారు, లక్షణం తెలిసినవాళ్లుంటారు, గిట్టనివాళ్లూ ఉంటారు. యతి తప్పితే నవ్వుతారు. బాగాలేదనే అధికారం అక్కడ ఎవరికో ఒకరికి ఉంది. కలలో కనిపించే హరిహరనాథుడు విరాటపర్వం మూడో ఆశ్వాసం సాగదీశావు, తగ్గించుకురా అనడు.

దేవుడు ఇంతవరకూ ఏ రచననూ తిప్పి పంపలేదు. దేవాంకితం సుఖమంతా అక్కడే ఉంది. చిక్కూ అక్కడే ఉంది. పరమాత్మకు లోబడ్డానని చెప్పుకునే కవి ఏ మనిషి తీర్పుకూ లోబడలేదు. వినయంలా కనిపించే ఆ పనిలో ఎంత వినయముందో, ఎంత మొండితనముందో బయటి నుంచి చెప్పడం కష్టం. గంగయమంత్రి ఇంటి ముందు నిలబడిన దుగ్గన సంగతి వేరు. ఆయన పేరుమోసిన శ్రీనాథుడి మరది. బావకు జరిగిన కనకాభిషేకం కథ వినే ఉంటాడు. అలాంటివాడు తన తాటాకుల కట్ట తీసుకెళ్లి, చదివి వినిపించి, ఎదుటివాడి మొహంలోకి చూడాలి. అహం దెబ్బతినే అవకాశం అక్కడుంది.

ఇంతకీ మల్లయ, సింగనలు ఆ మంత్రికిచ్చిన పుస్తకమే అహం గురించి. మూలం 11వ శతాబ్దంలో కృష్ణమిశ్రుడు రాసిన సంస్కృత నాటకం. చందేల రాజు కీర్తివర్మ కాలానిది. అందులో పాత్రలు మనుషులు కావు, మనసులోని గుణాలు. వివేకుడికీ మహామోహుడికీ యుద్ధం. శ్రద్ధ, శాంతి, విష్ణుభక్తి ఒక పక్క. లోభం, దంభం, అహంకారం ఇంకో పక్క. చివర ప్రబోధం అనే చంద్రుడు ఉదయించి పురుషుడు తానెవరో తెలుసుకుంటాడు. తెలుగులో అప్పటికి నాటకం రాసే అలవాటు లేదు గనుక జంటకవులు దాన్ని ప్రబంధంగా మార్చారు.

ఆ నాటకం రెండో అంకంలో ఒక ఘట్టముంది. అహంకారుడు కాశీకి వస్తాడు. దారి పొడవునా పండితులందర్నీ చూసి వీళ్లకేం తెలుసని చప్పరించుకుంటూ ఒక ఆశ్రమం గడప దగ్గరికి చేరతాడు. లోపల దంభుడు. శిష్యుడొచ్చి ముందు కాళ్లు కడుక్కోమంటాడు. కడుక్కున్నాక ఇంకా దూరం జరగమంటాడు. గాలికి మీ చెమట చుక్కలు మా గురువుగారి మీద పడతాయంటాడు. అహంకారుడు మండిపడతాడు. మాటా మాటా పెరిగాక తేలేదేమంటే దంభుడు అతని సొంత మనుమడే. గుమ్మం బయట నిలబడ్డవాడిదీ, లోపల కూర్చున్నవాడిదీ ఒకటే వంశం. కావ్యాన్ని పట్టుకుని మంత్రి వాకిట్లోకి వెళ్లబోయే ఇద్దరు కవులు ఈ ఘట్టం తెనిగించేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకోకుండా ఉంటారా?

నారాయణకవి ఎంచుకున్న పుస్తకంలోనూ ఇలాంటి ముల్లు ఉంది. పంచతంత్రం మొదట్లో అమరశక్తి అనే రాజు, చదువంటని ముగ్గురు కొడుకులు, వాళ్లను దారిలో పెట్టడానికి వచ్చిన ముసలి విష్ణుశర్మ. వంద అగ్రహారాలిస్తానని రాజు అంటే, విద్యను అమ్ముకోను, ఎనభై ఏళ్లవాడికి డబ్బెందుకని విష్ణుశర్మ తోసేస్తాడు. ఆరు నెలల్లో పిల్లల్ని తయారుచేస్తానని పందెం కట్టినట్టు చెబుతాడు. డబ్బు వద్దన్న గురువు కథను తెనిగించి కవి పాలకుడి చేతికిచ్చాడు. అమాయకత్వమో, చురకో, లేక అందులో తప్పేముందనే ధీమానో.

ధీమా అనుకోవడానికే ఎక్కువ ఆధారముంది. అంకితం పద్ధతి ఎలా ఉండేదో చూడాలి. అవతారికలో కావ్యం పుచ్చుకునే కృతిపతి వంశవర్ణన ఉంటుంది. షష్ఠ్యంతాలనే పద్యాల్లో ఆయన గుణగణాలుంటాయి. ప్రతి ఆశ్వాసం మొదటా చివరా ఆయన్ను సంబోధిస్తూ పద్యాలుంటాయి. పొగడ్త అంతా చీరకు అంచులా చుట్టూ ఉంటుందే గాని నేతలోకి దిగదు. మహామోహుడి సైన్యాన్ని గంగయమంత్రి కోసం గెలిపించలేదు. యమలోకంలో పాపులకు పడే శిక్షల్లో అధికారులకు మినహాయింపు రాయలేదు. లంచగొండులకూ అన్యాయపు తీర్పులిచ్చేవాళ్లకూ నరకముందని చెప్పే సంప్రదాయ కథను ఒక మంత్రికే అంకితమివ్వడంలో కాస్త ధైర్యం కూడా లేకపోలేదు.

పోతన పక్షాన్ని తేలిగ్గా తీసిపారేయడానికి లేదు. ఆయన భయం అహం గురించి కాదు, స్వేచ్ఛ గురించి. ఊళ్లు, వాహనాలు, సొమ్ములు పుచ్చుకున్నవాడి గొంతు మారుతుందని ఆయన వాదన. కొలువుల్లో అలా మారిన గొంతులు తెలుగులో బోలెడు. శ్రీనాథుడు వర్తకుడు అవచి తిప్పయ్యసెట్టికి హరవిలాసం, రాజమండ్రి వీరభద్రారెడ్డికి కాశీఖండం ఇస్తూ ఊరూరా తిరిగి, చివరి రోజుల్లో ఇబ్బందులు పడ్డాడని చాటువులు చెబుతున్నాయి. మనిషిని నమ్ముకుంటే ఇంతే అని దెప్పడానికి ఆ కథ పనికొస్తుంది. అయినా ఒక చిక్కు మిగులుతుంది. డబ్బు పుచ్చుకోవడం వేరు, తీర్పు కోరడం వేరు. నరాంకితాన్ని తిట్టేటప్పుడు మన విమర్శకులు రెండింటినీ ఒకే మూటలో కట్టేశారు.

రాయలవారి సంగతి ఇక్కడ చెప్పాలి. 1514లో ఆయన ఉదయగిరి కోటను గజపతుల నుంచి గెలుచుకున్నాడు. కొండ మీది గుడిలోని బాలకృష్ణుడి విగ్రహాన్ని విజయనగరానికి తరలించి, అక్కడ కట్టించిన గుడిలో 1515లో ప్రతిష్ఠ చేయించాడు. పెద్దన నుంచి మనుచరిత్ర పుచ్చుకున్న చేత్తోనే ఆముక్తమాల్యద రాసి వేంకటేశ్వరుడికిచ్చాడు. ఆయనకు మరో దారి లేదు. తన పైన మనిషి లేనివాడు మనిషికి ఎలా ఇస్తాడు? దేవాంకితం అందరి విషయంలోనూ త్యాగమే అనడానికి వీల్లేదని చెప్పడానికి ఈ ఒక్క ఉదాహరణ చాలు.

పూర్తిగా దేవుడికే బతుకిచ్చినవాడు కూడా మనిషి తీర్పు కోరిన సందర్భముంది. ఇంగ్లీషు కవి జెరార్డ్ మాన్లీ హాప్కిన్స్ 1868లో జెసూట్ సభలో చేరబోతూ అంతవరకూ రాసిన కవితలు తగలబెట్టాడు. కవిత్వం సన్యాసానికి అడ్డమనుకున్నాడు. 1875 డిసెంబరులో డాయిష్‌లాండ్ అనే ఓడ మునిగి అయిదుగురు ఫ్రాన్సిస్కన్ సన్యాసినులు చనిపోయినప్పుడు మళ్లీ కలం పట్టి పెద్ద కవిత రాశాడు. జెసూట్ల సొంత పత్రిక ‘ది మంత్’కు పంపాడు. వాళ్లు వేయలేదు. విశ్వాసం ఒకటే, సభ ఒకటే, కవిత దేవుడి గురించే. అయినా సంపాదకుడికి మింగుడుపడలేదు. హాప్కిన్స్ 1889లో పోయాడు. స్నేహితుడు రాబర్ట్ బ్రిడ్జెస్ దాచిపెట్టి 1918లో పుస్తకం తెచ్చాడు. దేవుడి స్వీకారం ఆ పద్యానికి ఎప్పుడందిందో గాని, పాఠకుడికి అందడానికి నలభై ఏళ్లకు పైగా పట్టింది.

గుమ్మమే తెరుచుకోని వాళ్ల మాటేమిటి? ఆత్మకూరు నుంచి అదే రోడ్డు వెలిగొండలు దాటి బద్వేలు వెళుతుంది. మొల్లది బద్వేలు దగ్గరి గోపవరం. ఆమె రామాయణాన్ని రాజాస్థానానికి తీసుకెళ్లిందనీ, ఆడది, పైగా కుమ్మరి ఇంటి పిల్ల కావడంతో అక్కడ అడ్డుపడ్డారనీ జనంలో కథ ఉంది. కథలో చరిత్ర ఎంతైనా, అది నమ్మశక్యంగా ఉండటమే ఆనాటి కొలువుల మీద అభియోగం. నరుడి తీర్పు మేలైనదనే వాదన మొల్ల దగ్గరికి వచ్చేసరికి కుంటుతుంది. గంగయమంత్రి ముందు మల్లయ, సింగన, దుగ్గన కూర్చోగలిగారు. మొల్ల అక్కడికి వెళ్తే కూర్చోమనేవారా? ఆమెకు శ్రీకంఠ మల్లేశుడు మొండితనం కాదు, మిగిలిన ఒకే ఒక్క చోటు. దేవాంకితాన్ని ఎవరు ఎన్నుకున్నారు, ఎవరు దానిలోకి నెట్టబడ్డారు అని విడదీసి చూడకపోతే పోతననూ మొల్లనూ ఒకే గాటన కట్టే పొరపాటు జరుగుతుంది.

అచ్చు వచ్చాక కృతిపతి స్థానంలోకి సంపాదకుడు వచ్చాడు. 1924లో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు మద్రాసులో ‘భారతి’ పెట్టాక, అందులో పేరు చూసుకోవడమే కవి పట్టాభిషేకం. 1991లో అది ఆగిపోయేదాకా ఆ పరువు తగ్గలేదు. వారపత్రికల కాలం కథకులకు ఆ నియమాలు కంఠోపాఠం. కాగితానికి ఒకవైపే రాయాలి. మార్జిన్ వదలాలి. ప్రతి దగ్గరుంచుకోవాలి. తిప్పి పంపడానికి తగిన స్టాంపులంటించి సొంత చిరునామా రాసిన కవరు జతచేయాలి. ఆ కవరు విచిత్రమైన వస్తువు. తన తిరస్కారానికి పోస్టు ఖర్చు తానే ముందుగా కట్టి, తన చేతిరాతతో తనకే అడ్రసు రాసుకోవాలి. ఇంతకన్నా పెద్ద వినయసాధన ఏ మఠంలో చేయించారో తెలియదు.

దాంతోపాటు హామీ పత్రం. ఈ కథ నా సొంతం, అనువాదం కాదు, అనుసరణ కాదు, అనుకరణ కాదు, ఎక్కడా అచ్చు కాలేదు, మరే పత్రిక పరిశీలనలోనూ లేదు. ఈ పత్రం మీద సంతకం పెట్టమంటే పంచతంత్రం తెనిగించిన నారాయణకవి, ప్రబోధచంద్రోదయం తెనిగించిన జంటకవులు గడప దాటేవాళ్లు కాదు. సొంతం అనే మాటకు మనం ఇస్తున్న బరువు వాళ్లకు అర్థమయ్యేది కాదు. పాత కథను కొత్తగా చెప్పి, ఫలాన్ని ఇంకొకరి పేర పెట్టడం వాళ్ల పద్ధతి. సొంతమని ప్రమాణం చేసి, ఆ సొంతాన్ని ముక్కూమొహం తెలియని మనిషి ముందు పెట్టడం మన పద్ధతి. గీత చెప్పే ఫలత్యాగానికి ఏది దగ్గరని అడిగితే పాతవాళ్లకే ఓటు వేయాల్సి వస్తుంది.

ఇంగ్లీషులో రాసేవాళ్లకు మధ్యలో ఏజెంట్ ఉంటాడు. రచయితకొచ్చే సొమ్ములో మామూలుగా నూటికి పదిహేను తీసుకుని, ఏ తలుపు తట్టాలో అతనే చూసుకుంటాడు. తెలుగులో ఆ వృత్తి నిలవలేదు. తెలుగు రచయిత సంపాదకుడి దగ్గరికి తానే వెళ్లాలి, లేదా సొంత డబ్బుతో పుస్తకం వేసుకుని అమ్ముకోవాలి.

అసలు మధ్యలో ఎవరైనా ఎందుకుండాలి అన్న ప్రశ్నకు ఉదయగిరి ప్రాంతమే మరో జవాబిచ్చింది. నారాయణకవి ఇంటిపేరే తన పేరుగా ఉన్న దూబగుంట అనే ఊరు కలిగిరి మండలంలో ఉంది. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచినప్పుడు వయోజనుల వాచకాల్లో సీతమ్మ కథ అని ఒక పాఠం పెట్టారు. తాగుడు వల్ల చితికిన సంసారం కథ. రాత్రి బడుల్లో లాంతరు వెలుగులో కూడబలుక్కుని చదివిన ఆడవాళ్లు అది మా కథే అన్నారు. దూబగుంటలో సారా దుకాణం మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. దూబగుంట ఆడవాళ్లు చేసిన పనే ‘ఆడవాళ్లు ఏకమైతే’ అనే పాఠమై మిగతా ఊళ్లకు వెళ్లింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కృతిపతి లేడు, కనకాభిషేకం లేదు, రాసినవాళ్ల పేరు ఆ ఆడవాళ్లకు పట్టనేలేదు. అంకితం గురించి తలలు బద్దలుకొట్టుకునే పండితులకు ఈ కథను ఏ గదిలో పెట్టాలో తోచదు. అయితే ఇలాంటిది ఎప్పుడో ఒకసారి జరుగుతుంది. మిగిలిన కథలన్నీ ఎవరో ఒకరి బల్ల మీది నుంచి వెళ్లాల్సిందే.

ఆ బల్ల వెనక కూర్చున్నవాళ్ల ధర్మం గురించి మన సంప్రదాయం తక్కువ మాట్లాడింది. ఇచ్చేవాడు ఎలా ఉండాలో చెప్పినంతగా పుచ్చుకునేవాడి గురించి చెప్పలేదు. దుగ్గన రాసిన నాసికేతుడి కథకు మూలం కఠోపనిషత్తులోని నచికేతుడిలో ఉంది. ఆ నచికేతుడు యముడి ఇంటికి వెళితే యముడు లేడు. కుర్రవాడు మూడు రాత్రులు తిండి లేకుండా గుమ్మంలో ఉన్నాడు. తిరిగొచ్చిన యముడు, అతిథిని నిరీక్షింపజేశానని నొచ్చుకుని, రాత్రికొకటి చొప్పున మూడు వరాలిచ్చాడు. మూడో వరంగా అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పడం ఇష్టం లేకపోయినా, అది వద్దు ఇంకోటి అడుగు అని మొహం మీదే అన్నాడు. మాట్లాడకుండా మాత్రం ఉండలేదు.

ఇప్పటి పత్రికల్లో ‘ప్రచురణకు స్వీకరించని రచనల గురించి ఉత్తర ప్రత్యుత్తరాలు జరపం’ అన్న వాక్యం మామూలైపోయింది. స్టాంపుల కవరు పోయి ఈమెయిలు వచ్చాక ఆ కవరు తెచ్చే ‘కాదు’ కూడా పోయింది. దేవుడి మౌనాన్ని భక్తుడు ఎలాగైనా అర్థం చేసుకుంటాడు, అది అతని విశ్వాసం. సంపాదకుడి మౌనానికి ఆ గౌరవం ఇవ్వాల్సిన పని లేదు, అది కేవలం బాకీ. వందల కథలు వస్తాయి, సిబ్బంది లేరు అంటారు. కథ మీద సమీక్ష ఎవరూ అడగడం లేదు. సంపాదకులు దయచేసి ఒక్క వాక్యం రాయండి: ఈ కథ మేం వేసుకోవడం లేదు. ఆత్మకూరులోనో ఉదయగిరిలోనో ఉన్న కొత్త కథకుడు ఆ వాక్యం అందిన రోజే దాన్ని మరో పత్రికకు పంపుకుంటాడు. అందేదాకా పంపలేడు, హామీ పత్రం మీద సంతకం పెట్టి ఉన్నాడు.